దూరంగా ఉన్న ఎయిర్‌పోర్టు

డిపోలో ఆమెని అందరూ గంటమ్మ అనేవాళ్ళు. ఆమె సిటీ బస్సు కండక్టరు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, జీతాల రోజున గుమాస్తా ఆ పేరుతో పిలిస్తే ఆమే ఒక్క క్షణం ఎవర్నో అనుకునేది. బస్సు వెనక తలుపు దగ్గర నిలబడి పైన వేలాడే తాడు లాగితే, ముందు డ్రైవరు తల మీద గంట మోగేది. ఒకటి కొడితే ఆగాలి, రెండు కొడితే కదలాలి. తాడు తెగిన రోజుల్లో వేలి ఉంగరంతో ఇనప కడ్డీ మీద కొట్టేది. మార్కెట్టు దగ్గర జనం ఎంత గోల పెడుతున్నా ఆ చప్పుడు డ్రైవరు చెవిన పడి తీరేది.

ఆ డ్రైవరే ఆమె మొగుడు. నిదానమే ప్రధానం అన్న మాట మొదట ఎవరన్నారో గానీ, ఈయన్ని చూశాకే అని ఉంటారు. ఆయన బస్సెక్కిన చంటిపిల్లలు దిగేసరికి నడక నేర్చుకుంటారని తోటి డ్రైవర్లు ఎగతాళి చేసేవాళ్ళు. ఆయన మాత్రం మలుపు మలుపుకీ దండం పెట్టినంత మర్యాదగా బండి తిప్పేవాడు. ఏ కండక్టరూ ఆయనతో ఎక్కువ కాలం వేగలేకపోయారు. గంటమ్మ వేగింది. వేగడమే కాదు, పెళ్ళి కూడా చేసుకుంది. డిపో మేనేజరు ఊపిరి పీల్చుకుని, ఇక ఇద్దర్నీ ఒకే బండికి కట్టేశాడు.

అలా ఉద్యోగమంతా మొగుడూ పెళ్ళాలు పొద్దస్తమానం కలిసే తిరిగారు. కలిసే అంటే, ఆయన ముందు, ఆమె వెనక, మధ్యలో ఊరి జనమంతా. ఆయన మొహం కన్నా మెడ వెనక భాగం గంటమ్మకి బాగా తెలుసు. కాలరు పైన ఉన్న పుట్టుమచ్చ తెలుసు, ఏ చెవి వెనక జుట్టు మొదట నెరిసిందో తెలుసు. ఆయనకేమో ఆమె ఎక్కువగా తల పైనున్న పొడుగాటి అద్దంలోనే పరిచయం. వాళ్ళిద్దరికీ అది చాలా ఏళ్ళపాటు సంసారంలాగే అనిపించింది.

ఇంటికొచ్చినా అంతే. టీవీ ముందు కుర్చీలో ఆయన, వెనక వంటింటి గుమ్మంలో ఆమె. ఎవరి కారులోనైనా వెళ్ళాల్సి వస్తే ముందు సీటు ఆయనది. పక్కనుండి దారి చూసుకోకపోతే ఆయనకి కడుపులో తిప్పుతుంది. గంటమ్మ వెనక సంచులతో పాటు సర్దుకునేది.

ఆమెకి ఒక కోరిక ఉండేది. ఒకసారి వాళ్ళ బస్సులో ఒక ముసలి జంట ఎక్కారు. ఇద్దరూ ఒకే సీట్లో కూర్చుని, ఒకే శాలువా ఇద్దరి మోకాళ్ళ మీదా కప్పుకుని, ఆఖరి స్టాపు దాకా ఒక్క మాటైనా మాట్లాడుకోకుండా కిటికీలోంచి చూస్తూ వెళ్ళారు. దిగేటప్పుడు ముసలాయన ఆవిడ చెప్పు సరిగ్గా పడిందో లేదో వంగి చూశాడు. అంతే. ఆ రోజు నించి గంటమ్మకి తనూ ఒక్కసారి బస్సులో మొగుడి పక్కన అలా కూర్చోవాలని పట్టుకుంది. రాజ్యాలేం అడగలేదు. డ్యూటీ లేని ఒక బస్సు, ఇద్దరు పట్టే ఒక సీటు.

చెప్పొచ్చుగా అంటారేమో. ఉద్యోగమంతా గంటతో మాట్లాడిన మనిషికి ఇలాంటి మాటలకి నోరు పెగలదు. నీ పక్కన కూర్చోవాలనుంది అని చెప్పడానికి తాడు ఒకసారి లాగాలా, రెండుసార్లు లాగాలా? అందుకని ఆ కోరికని శాలువాలాగే మడిచి లోపల పెట్టుకుంది.

ఇద్దరూ రిటైరయ్యాక కూతురూ అల్లుడూ కలిసి వాళ్ళకో బహుమానం ఇచ్చారు. పెద్ద ఓడలో సముద్రం మీద విహారం. ఓడ బయల్దేరే రేవు ఎక్కడో దూరాన వేరే ఊళ్ళో ఉంది. విమానంలో వెళ్ళాలి. అసలు తిరకాసు అక్కడే వచ్చింది. ఆ రేవుకి వెళ్ళడానికి రెండు ఎయిర్‌పోర్టులున్నాయి.

చిన్నది రేవుకి కూతవేటు దూరం. దిగి టాక్సీ ఎక్కితే సీటు వెచ్చబడేలోపు ఓడ ముందుంటారు. కాకపోతే మధ్యలో ఒక విమానం దిగి ఇంకోటి ఎక్కాలి. పెద్దదానికి నేరుగా విమానం ఉంది. కానీ దిగాక రేవు చేరాలంటే బస్సులో దాదాపు ఒక పూట ప్రయాణం.

భోజనాల టేబులు దగ్గర పంచాయితీ మొదలైంది.

"ఇందులో ఆలోచించడానికేముంది నాన్నా, చిన్నదే," అంది కూతురు. "ముందురోజే వెళ్ళి రేవు పక్కన హోటల్లో పడుకోండి. పొద్దున్న తీరిగ్గా ఓడెక్కచ్చు."

అల్లుడు ఇన్సూరెన్సు ఆఫీసులో పని చేస్తాడు. జరగబోయే ప్రమాదాలన్నీ అతనికి జరగకముందే కనిపిస్తాయి. "అవును మావయ్యగారూ. విమానం లేటవ్వచ్చు, సామాను తప్పిపోవచ్చు, రోడ్డు మీద ఏదైనా అడ్డం రావచ్చు. ఓడ మన కోసం ఆగదు," అంటూ మ్యాపు చూపిద్దామని ఫోను బయటికి తీశాడు. మావగారు ఆ ఫోను అందుకుని టేబులు చివర పెట్టి, దాన్ని ఓడ చేసేశాడు. ఉప్పుసీసా తెచ్చి ఈ చివర పెట్టాడు.

"ఇది పెద్ద ఎయిర్‌పోర్టు. అది ఓడ." పొడుగాటి గరిటె ఒకటి తీసుకుని రెంటి మధ్యా పరిచాడు. "ఇది రోడ్డు. ఎక్కడా దిగక్కర్లేదు, మారక్కర్లేదు. ఒకటే బస్సు."

"టాక్సీలో అయితే చిటికెలో పని కదా మావయ్యగారూ."

"టాక్సీవాడికి రూటుండదు బాబూ. రూటు లేనివాడి చేతిలో ప్రాణాలు పెట్టమంటావా? బస్సుకైతే రూటుంటుంది, టైముంటుంది, తేడా వస్తే వెళ్ళి అడగడానికి డిపో ఉంటుంది."

"పోనీ ముందురోజు వెళ్ళడానికేం నాన్నా?"

"బస్సు కోసం ముందురోజెళ్ళి స్టాపులో నిలబడిన వాణ్ణి ఎప్పుడైనా చూశావా? అన్నీ లెక్క చూశాను. బస్సు దిగేసరికి ఓడ మన కోసం తలుపు తీసి ఉంటుంది."

ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నాలుగో కాలు చూపించబోయిన అల్లుడి ఫోను ఇప్పుడు ఓడగా ఉంది. కూతురు విసిగిపోయి తల్లి వైపు తిరిగింది. "నువ్వైనా చెప్పమ్మా."

గంటమ్మ టేబులు వైపు చూసింది. ఉప్పుసీసా నుంచి ఫోను దాకా గరిటె చాలా పొడుగ్గా కనిపించింది. ఒక పూట బస్సు. కొట్టాల్సిన గంట లేదు, చింపాల్సిన టిక్కెట్లు లేవు, స్టీరింగు ఇంకెవరిదో. చేతి కింద ఉన్న మెతుకులు ఒక పక్కకి తోసి, "మీ నాన్న చెప్పిందే బాగుంది. పెద్దదే," అంది.

"నువ్వెప్పుడూ ఇంతే. ఆయనేమంటే దానికి తలూపుతావు," అంది కూతురు. డ్రైవరుగారి ఛాతీ కాస్త ఉబ్బింది. పాపం, పెళ్ళాం తన రూటు గొప్పతనానికే తలవంచిందనుకున్నాడు.

ప్రయాణం రోజు రానే వచ్చింది. విమానంలో పక్కపక్కన కూర్చోలేదా అంటే, లేదు. ఏదన్నా అయితే ముందు లేవాలి కదా అని ఆయన నడవ పక్క సీటే కావాలన్నాడు. ఆమె సీటు నడవకి ఈ పక్కన పడింది. ఇద్దరి మధ్యా కాఫీల బండి అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. గంటమ్మ ఏం బాధపడలేదు. తన ప్రయాణం ఇంకా మొదలు కాలేదు కదా అనుకుని కళ్ళు మూసుకుంది.

పెద్ద ఎయిర్‌పోర్టు బయట రేవుకి వెళ్ళే బస్సు తలుపు తెరిచి నిలబడి ఉంది. సామాను కిందనున్న అరలో పెట్టించి గంటమ్మ ముందుగా ఎక్కింది. ఎన్నో బస్సులు చూసిన మనిషి, ఏ సీటు కుదుపు తక్కువో, ఎండ ఎటు పడుతుందో ఆమెకొకరు చెప్పాలా? మధ్యలో నీడపట్టున ఉన్న సీటు చూసుకుని, కిటికీ పక్కన కూర్చుని, పక్క సీటు మీద శాలువా పరిచింది. ఆయన కోసం చూసింది. రాలేదు. కిటికీలోంచి కిందకి చూసింది. అక్కడా లేడు.

డ్రైవరుగారు డ్రైవరు సీట్లో కూర్చుని ఉన్నాడు.

కూర్చుని అద్దం సరిచేసుకుంటున్నాడు. అద్దంలో గంటమ్మ కనిపించగానే అలవాటుగా ఒకసారి తలూపాడు. అంతలో ఒక పెద్దావిడ మెట్టు మీద నిలబడి, ఇది రేవుకి వెళ్తుందా అని అడిగితే, "వెళ్తుందమ్మా, చూసుకుని ఎక్కండి," అని భరోసా కూడా ఇచ్చాడు. ఆవిడ వెనకే యూనిఫారం వేసుకున్న నడివయసు స్త్రీ ఎక్కింది. చేతిలో బస్సు తాళాలున్నాయి. ఆమె కోప్పడలేదు. తాళాలు ఒకసారి ఆడించి, "బాబాయిగారూ, మరి నన్నెక్కడ కూర్చోమంటారు?" అంది.

ఆయన స్టీరింగు మీదున్న తన చేతుల్ని ఎవరివో చూసినట్టు చూసుకున్నాడు. "ఒట్టు, కావాలని కాదమ్మా. కాళ్ళు తీసుకొచ్చేశాయి."

బస్సంతా నవ్వింది. ఆయన మొహం కందగడ్డ చేసుకుని వచ్చి గంటమ్మ పక్కన కూలబడ్డాడు. ఆమె నవ్వలేదు, నవ్వితే లేచిపోతాడేమోనని. శాలువా సగం ఆయన మోకాళ్ళ మీదకి జరిపింది. బస్సు కదిలింది. ఇన్నాళ్ళకి దొరికింది కదా అని కుదురుగా ఊపిరి తీసుకుంది.

దొరికిందేమీ లేదు. మనిషి పక్కనున్నాడన్న మాటే గానీ, కుడికాలు లేని బ్రేకు కోసం నేల తొక్కుతూనే ఉంది. రెండుసార్లు ఆ బ్రేకు ఆమె కాలి మీదే పడింది. "మలుపు చూడు, ఎలా తీసుకుంటోందో," అన్నాడు. "ముందు లారీ ఉంది," అన్నాడు. గంటమ్మ కిటికీలో కనిపిస్తున్న పసుపు పచ్చ పొలాలు చూపించింది. ఆయన చూసి, "ఆ రోడ్డుకి అంచు లేదు, జాగ్రత్తగా పోవాలి," అన్నాడు.

సగం దారి దాటాక ఒక నది వచ్చింది. దాని మీద మధ్యకి విడిపోయి పైకి లేచే వంతెన ఉంది. సరుకు పడవలు వెళ్ళాలంటే దాన్ని లేపాలి. సరిగ్గా వీళ్ళ బస్సు వచ్చే వేళకే ఎర్ర దీపాలు వెలిగాయి, అడ్డగడ కిందకి దిగింది, రోడ్డు రెండు ముక్కలై నిలువునా లేచి ఆకాశాన్ని చూసింది. అడుగున ఒక పొడుగాటి పడవ వస్తోంది. అది కూడా డ్రైవరుగారి శిష్యరికం చేసినట్టుంది, కదులుతోందో లేదో తెలియడం లేదు.

ఆయన కాలు కాలిన పిల్లిలా లేచాడు. శాలువా కింద పడింది. ఆయన చూసుకోలేదు. గబగబా ముందుకెళ్ళి డ్రైవరమ్మ పక్కన కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ పక్కనున్న రోడ్డు పట్టుకుంటే సరిపోతుందేమో తల్లీ."

"ఆ రోడ్డు ఎక్కడికి వెళ్తుంది బాబాయిగారూ?"

ఆయన ఆలోచించాడు. పుట్టి బుద్ధెరిగి ఆ ప్రాంతంలో అడుగు పెట్టింది ఆ పూటే. "అది నాకూ తెలీదనుకో," అని ఒప్పుకున్నాడు గానీ, అక్కణ్ణించి మాత్రం కదల్లేదు. పడవ వైపు చూస్తాడు, గోడ గడియారం ఎక్కడన్నా ఉందేమోనని బస్సంతా చూస్తాడు, చేతి గడియారం చూసుకుంటాడు, మళ్ళీ పడవ.

గంటమ్మ వంగి శాలువా తీసుకుంది. తలెత్తితే, సీట్ల మధ్యలోంచి, జనం తలల మీదుగా ఆయన మెడ కనిపించింది. అదే పుట్టుమచ్చ. అదే కాలరు. ఇంత దూరం వచ్చి, విమానం ఎక్కి, పరాయి ఊరి బస్సెక్కి, మళ్ళీ అదే మెడ చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది. ఆమెకి ఏడుపొచ్చింది. ఎప్పుడూ కోపం తెచ్చుకునే మనిషి కాదు గానీ, ఏడుపు వెనకే కోపం కూడా వచ్చింది. చెయ్యెత్తి ముందు సీటుకున్న ఇనప పిడి మీద ఉంగరంతో ఒక్కసారి కొట్టింది.

టింగుమంది.

అంత ముందు నిలబడిన ఆయన కుడికాలు దానంతటదే నేల తొక్కింది. "ఆపమంటోంది," అన్నాడు డ్రైవరమ్మతో.

ఆమె అద్దంలోంచి వెనక్కి చూసింది. శాలువా గుండెకి ఆనించుకుని కూర్చున్న గంటమ్మని చూసింది, ఆమె పక్కన ఖాళీ సీటు చూసింది. "బండి ఆగే ఉంది బాబాయిగారూ. పైగా నా బండికి కండక్టరు లేరు. ఆ గంట మీకే," అంది.

ఆయన కంగారుగా వెనక్కొచ్చాడు. "ఏమైంది? ఒంట్లో బాగాలేదా?"

"కూర్చోండి."

"కూర్చుంటే ఎలా, అవతల ఓడ..."

"ముందు కూర్చోండి."

కూర్చున్నాడు. కూర్చున్నవాడు కాస్సేపు చేతులు నలుపుకుని, గొంతు తగ్గించి అన్నాడు. "తప్పంతా నాదే. పిల్లలు చెప్పినట్టు చిన్న ఎయిర్‌పోర్టుకి వచ్చుంటే ఈపాటికి ఓడ మీద కాఫీ తాగుతుండేదానివి. జన్మకోసారి నిన్నొక చోటికి తీసుకెళ్దామంటే, అదీ నా మొండితనంతో చెడగొట్టాను."

అప్పుడు గంటమ్మకి నోరు పెగిలింది. "ఓడ కావాలని నేనెప్పుడన్నా అడిగానా? పెద్ద ఎయిర్‌పోర్టు అన్నది మీ రూటు చూసి కాదు. బస్సులో మీ పక్కన ఎక్కువసేపు కూర్చోవచ్చని. ఎన్ని బస్సుల్లో ఎన్ని జంటలకి టిక్కెట్లిచ్చాను. నాకూ ఒకసారి కూర్చోవాలని ఉండదా? వచ్చిన దగ్గర్నించీ మీరు కూర్చుంటేనా."

ఆయనకి ఉప్పుసీసా, గరిటె, ఉబ్బిన ఛాతీ అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి ఉండాలి.

"అడగొచ్చుగా," అన్నాడు చివరికి.

"ఇప్పుడడిగాను."

ఆమె చేతిలోంచి శాలువా ఆయనే తీసుకుని ఇద్దరి మోకాళ్ళ మీదా పరిచాడు. ఒక చివర ఎక్కువైతే సరిచేశాడు. ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియలేదు. అలవాటుగా తలెత్తి, డ్రైవరు సీటు పైనున్న అద్దం వైపు చూశాడు.

"ఎటు చూస్తున్నారు?"

"నిన్ను చూడాలంటే అటే చూడటం అలవాటు."

గంటమ్మ ఆయన గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది. "ఇటు."

ఆయన చూశాడు. అంత దగ్గర్నించి, పగటి వెలుతుర్లో, తీరిగ్గా ఎప్పుడు చూశాడో గుర్తులేదు. ఆమె కనుబొమ్మ పక్కన చిన్న గీత కనిపించింది. "ఇదెప్పటిది?"

"స్కూలు మలుపు దగ్గర మీరు సడన్ బ్రేకు వేశారు. నా తల కడ్డీకి కొట్టుకుంది."

"నేనా? సర్వీసంతా నేను సడన్ బ్రేకే వెయ్యలేదు. కావాలంటే డిపోలో అడుగు."

"ఒక్కసారి వేశారు. కుక్కపిల్ల అడ్డమొచ్చింది."

ఆయనకి కుక్కపిల్ల గుర్తుంది. దాన్ని తప్పించానని ఆ రోజంతా డిపోలో అందరికీ చెప్పుకు తిరిగాడు. వెనక పెళ్ళాం తల కొట్టుకున్న సంగతి మాత్రం అద్దంలో కనపడలేదు. వేలితో ఆ గీత మీద మెల్లగా రాశాడు. ఇన్నేళ్ళ తర్వాత మందు రాసినట్టు రాశాడు. గంటమ్మ వద్దనలేదు.

పడవ ఎప్పటికో దాటింది. రోడ్డు ముక్కలు రెండూ కిందకి దిగి కలుసుకున్నాయి, అడ్డగడ లేచింది. గంటమ్మ ఇనప పిడి మీద ఉంగరంతో రెండుసార్లు కొట్టింది. కండక్టరు లేని ఆ బస్సు బుద్ధిగా కదిలింది.

మిగతా దారి ఎలా సాగిందో డ్రైవరుగారిని అడిగితే చెప్పలేడు. ఎన్ని మలుపులున్నాయో, లారీలేమన్నా ఎదురొచ్చాయో ఆయన చూడలేదు. ఆమె భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. కుడికాలు ఒకటి రెండుసార్లు నేల తొక్కి, అదీ ఊరుకుంది. ఆయన నిద్రపోయిన బస్సు ఇన్నేళ్ళలో ఇదొక్కటే. గంటమ్మ భుజం తిమ్మిరెక్కినా కదల్లేదు. కిటికీలోంచి వెళ్ళే ఊళ్ళన్నీ చూసింది.

రేవు వచ్చేసరికి ఓడ ఇంకా ఉంది. మేడ మీద మేడ కట్టినట్టు తెల్లగా, రోడ్డు చివర నిలబడి ఉంది. అందరూ సామాన్లు లాక్కుంటూ పరుగెత్తారు. వీళ్ళిద్దరూ మాత్రం సీట్ల కింద ఎవరైనా ఏమన్నా మర్చిపోయారేమోనని చెరో వరసా వంగి చూసి, ఆఖర్న దిగారు. ఆ అలవాటు ఎలా పోతుంది? మెట్టు దిగాక ఆయన వంగి, ఆమె చెప్పు సరిగ్గా పడిందో లేదో చూశాడు. ఓడ దగ్గర యూనిఫారం వేసుకున్న అమ్మాయి రమ్మని చేతులూపుతోంది. వాళ్ళు ఎక్కీ ఎక్కగానే వెనక తలుపు మూశారు.

అప్పుడే ఫోను మోగింది. కూతురు.

"ఓడ అందిందా నాన్నా?"

"అందింది, అందింది."

"దారిలో ఏం అవ్వలేదు కదా? నిజం చెప్పు."

"వంతెన లేచింది. కాస్సేపు ఆగాం."

అవతల అల్లుడు చెప్పానా అన్నట్టు ఏదో అనడం వినిపించింది. "చూశావా మరి," అంది కూతురు. "తిరుగు ప్రయాణానికి టిక్కెట్లు మార్చేస్తాం. దగ్గర్లో ఉన్న చిన్న ఎయిర్‌పోర్టు నించి వచ్చేయండి. సరేనా?"

ఆయన గంటమ్మ వైపు చూశాడు. ఈసారి అద్దం వెతకలేదు. ఆమె శాలువా మడత పెడుతోంది.

"వద్దమ్మా," అన్నాడు. "ఇంతకన్నా దూరంగా ఇంకో ఎయిర్‌పోర్టేమన్నా ఉందేమో మీ ఆయన్ని చూడమను."